సరిపోతుంది

నా పని చిన్నది.
ఏ షాటులో గ్లాసు ఏ చేతిలో ఉందో,
ఏ బొత్తాం ఊడిందో, కొవ్వొత్తి ఎంత కరిగిందో,
రక్తం మరక ఏ చెంప మీదో రాసుకోవడం.
స్క్రిప్టు పిల్ల అనేవాళ్లు నన్ను.
అప్పటికే నాకు నలభై ఒకటి.

ఓట్టిలీ క్రామర్ బతుకులో తొమ్మిదేళ్లు
నా నోటుపుస్తకాల్లో పడి ఉన్నాయి,
పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి.

ఆ పేరు ఎవరూ విని ఉండరు.
నార్త్ డకోటాలో గోధుమ రైతు కూతురు.
స్టూడియోలో అడుగుపెట్టిన రోజే
టెస్ కార్మడీ అయిపోయింది.
"అక్షరాలు తక్కువ, రంగు ఖర్చు తక్కువ" అన్నాడు మేనేజరు.
వేళాకోళమనుకుని ఆమె నవ్వింది.
అతను నవ్వలేదు.

సాన్ ఫెర్నాండో లోయకి పైన, రాళ్లగుట్టల మధ్య
ఒకే ఒక్క వీధి.
ముందు గోడలే తప్ప వెనక ఇళ్లు లేని వీధి.
సోమవారం కాన్సాస్, గురువారం అరిజోనా,
బోర్డు మారిస్తే ఊరు మారేది.
ఆమె మాత్రం ఏ ఊళ్లోనైనా విధవరాలే.
నా లెక్కలో ముప్పై ఒక్కమంది మొగుళ్లు పోయారు,
వాళ్లలో నలుగురు ఒకడే, మీసం మార్చుకొచ్చి.

నల్లగౌను ఒకటే. చంకల దగ్గర ఉప్పుచారలు.
సలూన్‌లో విస్కీ అంటే చల్లారిన టీ.
ఉత్తుత్తి తూటాల మోతకి
ఆమె ఎక్కే బూడిదరంగు గుర్రానికి చెవుడొచ్చింది,
దాని పేరు బిస్కెట్.
"పద" అనడం మానేసి
మెడ మీద రెండుసార్లు తట్టేది.
ఆమె ఎడమచెవి కూడా అప్పుడే పోయింది.
ఆ సంగతి నా పుస్తకంలో లేదు,
తెరమీద కనిపించేది కాదు కదా.

తుపాకీ ఆమెకి పదేళ్లప్పుడే వచ్చు.
కోళ్లగూటికి వచ్చే నక్కల మీద నాన్న నేర్పాడు.
స్క్రిప్టులో మాత్రం
హీరో వెనక నుంచి చేతులు చుట్టి గురి నేర్పాలి.
కంచె మీద డబ్బా. డబ్బాకి సన్నని తీగ.
తీగ కొస జూబల్ పిట్‌మన్ చేతిలో.
ఆమె కాలిస్తే లాగకూడదు. హీరో కాలిస్తే లాగాలి.
అయిదు సిరీస్‌ల్లో, అయిదుగురు హీరోలతో
అదే కంచె, అదే డబ్బా.
ప్రతిసారీ ఎంత శ్రద్ధగా గురి తప్పేదో!

ఆఖరి సీజన్, నవంబరు.
వెలుతురు జారిపోతోంది, ఒక్క టేకుకే టైముంది.
హీరో చేతులు ఇంకా ఆమె భుజాల దాకా రాలేదు,
ఆమె కాల్చింది.
జూబల్ లాగాడు.
డబ్బా ఎగిరి ఎక్కడో రాళ్లలో మోగింది.

ఎవరూ మాట్లాడలేదు.
డైరెక్టరు సూర్యుడి వైపు చూశాడు, గడియారం చూశాడు,
చివరికి నా వైపు.
"పోయినవారం ఈమెకి తుపాకీ పట్టడమే రాదు,
సరిపోతుందా?"

నా పుస్తకంలో ఆ పేజీ తెరిచే ఉంది.
తుపాకీ రాదని నా చేతిరాతే.
"సరిపోతుంది" అన్నాను.

తర్వాతి సీజన్‌కి ఆమెని పిలవలేదు.
జూబల్‌ని వడ్రంగి షెడ్డుకి మార్చారు.
నన్నెవరూ ఏమీ అనలేదు,
అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆమె బేకర్స్‌ఫీల్డ్‌లో ఇళ్లమ్మింది, ఇరవై రెండేళ్లు.
కొనేవాళ్లని ముందు పెరట్లోకి తీసుకెళ్లేదట,
"చూసుకోండి, వెనక కూడా ఇల్లుంది."

పోయిన మార్చిలో వెళ్లాను.
అలవాటుగా కుడిపక్కనే కూర్చున్నాను.
స్టూడియో నుంచి ఆరోజే చెక్కు వచ్చింది,
పాత ఎపిసోడ్‌లు ఏదో దేశంలో వేశారట,
ముప్పై ఏడు సెంట్లు.
ఫ్రిజ్ తలుపుకి అతికించింది,
నిమ్మకాయ బొమ్మ అయస్కాంతం కింద,
మిగతా చెక్కుల పక్కన.

టీ తెచ్చింది. వేడిగా ఉంది.
కప్పు ఎడమచేతిలో పట్టుకుంది.
వేళ్లు పెన్సిలు కోసం
నా సంచిలోకి వెళ్లాయి.